పారిసు కొలబద్దయు భాగ్యనగరపు తూర్పుబాటయు

భాగ్యనగర చరిత్రమును వ్రాసినవారిలో బెక్కుమంది చారుమినారుకడ మొదలిడి, గోలకొండకు బోయి, తిరిగివచ్చి హుస్సేనుసాగరపు గట్టుమీద విశ్రమింతురు. మలక్‌పేట దాటి తూర్పునకు బోవు త్రోవ వారి గ్రంథములందు గానరాదు. ఆ త్రోవమీదనే నేడు దిల్‌సుఖ్‌నగరు, చైతన్యపురి, కొత్తపేట, ఎల్. బి. నగరు అను పేటలు జనముతో గిటకిటలాడుచున్నవి. అచటి పాఠశాలలో దెలుగు చెప్పు పండితమిత్రులొకరు స్థానికచరిత్రమును గూర్చి వ్యాసము వ్రాసి తెండని విద్యార్థులతో జెప్పిరట. అందఱును దూరమందున్న గోలకొండను గూర్చియే వ్రాసి తెచ్చిరట. కారణమడుగగా "మా పేటకు చరిత్ర ఎక్కడిదండీ!" యని రట. ఈ మాట నన్ను రెండుమూడు దినములు విడువలేదు. తుదకొక యాదివారమున, నెండ ముదురకమునుపే బయలుదేరి, మూసారాంబాగునుండి ఎల్. బి. నగరు చౌరస్తావఱకు గాలినడకను బోయి చూచితిని. చూచినదానిని, దానికి ముందును వెనుకను జదివినదానిని గలిపి యిచట వ్రాయుచున్నాను.

పారిసు నగరమున వీథులవెంట నూరక తిరుగాడుట యొక విద్యగా నెన్నబడుచున్నది. అచట వీథి మొగదలను నీలవర్ణపు రేకుమీద దెల్లని యక్షరములతో వీథిపేరు వ్రాసియుందురు. ఆ పేరు మనుష్యునిదైనచో నాతడెవడో, యేకాలమువాడో పెక్కుచోట్ల నొక్కపంక్తిలో దెలుపుదురు. బాటసారి కాళ్లతో నడచుచు గన్నులతో జరిత్రము చదువును. మన తెలుగున బాటలను జదువువారికి మూలపురుషుడు ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, నడుమ హైదరాబాదును జూచి, త్రోవలోని మజిలీలను, వసతులను వరుసగా వ్రాసిపెట్టెను. 1838లో నచ్చుపడిన యాతని కాశీయాత్ర చరిత్ర రాజులను గూర్చిన గ్రంథమనుటకంటె బాటలను గూర్చిన గ్రంథమనుటయే తగును. ఆయన మేనాలో గూర్చుండి చూచెననుటయు, నడచినవారు బోయీలనుటయు వేఱుమాట.

వీరాస్వామయ్యకు రమారమి రెండువందల యేండ్లకు మున్ను పారిసువాడే యొకడు మన తూర్పుబాటను గూర్చి వ్రాసినాడు. ఝా బాప్తీస్తు టావెర్నియరు 1605లో బారిసున బుట్టి, వజ్రవర్తకుడై, తూర్పుదేశములకు ఆఱుమార్లు ప్రయాణముచేసి, గోలకొండ రాజ్యమునకు బలుమాఱు వచ్చెను. 1652లో మచిలీబందరున నోడ దిగి, గండికోటకు బోయి మీర్‌జుమ్లాను దర్శించినవాడీతడే. ఈతని యాత్రాగ్రంథము 1676లో బారిసున వెలువడినది. అందు భాగ్యనగరమును వర్ణించుచు, నదిమీది ఱాతివంతెన పారిసులోని 'పోన్ నెఫ్' వంతెనకు సౌందర్యమున గొంచెమే తక్కువయని వ్రాసినాడు. ఇది పలువు రెఱిగినమాటయే. దానంతగా నెవ్వరును గమనింపని రెండవ పోలిక యొకటి గలదు. గోలకొండనుండి మచిలీబందరునకు బోవు మార్గమును మజిలీల వరుసను జెప్పుచు, దొలి మజిలీలలో నొకటియైన 'తెనారా' యనుచోట తోటలతోగూడిన నాలుగు మేడలుండెననియు, నందు మిగుల సుందరమైనది రాణిగారిదనియు, దాని ముందఱి నలుచదరపు విశాలాంగణము పారిసులోని 'ప్లాస్ ర్వాయాల్' అను రాజచత్వరమునకు రవంత మాత్రమే తీసికట్టనియు జెప్పినాడు. అంతటితో నాగలేదు. ఆ యంగణము చుట్టును బీదబాటసారులకు గదులుండెననియు, సాయంకాలమున వారికి రొట్టెయో యన్నమో వండిన పప్పో పంచిపెట్టుచుండిరనియు, బరులు వండినది ముట్టని హిందువులకు బిండియు నేయియు నిచ్చుచుండిరనియు గూడ వ్రాసినాడు.

ఈ రెండు పోలికలను సంవత్సరములతో జోడించి చూచినపుడు నాకొక సంగతి తోచినది. పోన్ నెఫ్ వంతెనకు శంకుస్థాపన 1578లో జరిగినది. పని 1607లో ముగిసినది. ప్లాస్ ర్వాయాలును నాలుగవ హెన్రీరాజు 1605లో బ్రారంభించెను. అది 1612లో బూర్తియైనది. టావెర్నియరు పుట్టినది 1605. అనగా వంతెన ముగియునాటికి రెండేండ్లవాడు, చత్వరము ముగియునాటికి నేడేండ్లవాడు. ఆతడు మన నగరమును గొలిచిన కొలబద్దలు రెండును ఆతని బాల్యమున దన యూర వెలసిన క్రొత్తవింతలు. దిల్‌సుఖ్‌నగరు బాలురకు మెట్రోరైలు ఎట్టిదో యాతని కవి యట్టివి. పరదేశమునకు బోయినవాడు చూచినదానినెల్ల జిన్ననాటి యూరితో గొలుచుట సహజము. మన పురానాపూలు పూర్తియైనదియు 1578లోనే! ఆ వంతెన పేరునకు నర్థము 'ప్రాతవంతెన'. పోన్ నెఫ్ అనగా 'క్రొత్తవంతెన'. సేన్ నదిమీద బారిసున నేడు నిలిచియున్న వంతెనలలో నన్నిటికంటె ప్రాతదియు నదియే. పేర్లను నమ్మి కాలనిర్ణయము చేయువారు దీనిని జ్ఞాపకముంచుకొందురుగాక. రాజచత్వరపు పేరును నిలువలేదు. ఫ్రాన్సు విప్లవమునకు బిమ్మట, బన్నులను ముందుగా జెల్లించినందులకు వోజ్ మండలమును గౌరవింపగోరి, 1800లో దానికి 'ప్లాస్ దె వోజ్' అని పేరిడిరి. పన్ను చెల్లించుటచే గీర్తికెక్కిన మండలము వేఱొకటి కలదేమో నే నెఱుగను.

పోల్చబడినవి యేవో కూడ చూడవలెను. ఒకటి వంతెన, రెండవది బాటసారుల బస. కోటయు గాదు, సింహాసనశాలయు గాదు. దారినిబోవువారికొఱకు గట్టిన కట్టడములు పారిసువాని కన్నులలో నిలిచినవి. ఈ యెఱుకతో నేను మూసారాంబాగునకు జేరితిని.

ఈ మూసారాము డెవడు? పేరు వినగానే మనవాడని తోచును; మూసీనదికి సమీపమున నున్నందున నదిపేరుతో ముడిపెట్టుటయు దేలిక. అది సరిగాదు. ఈతడు మిషెల్ జొవాకిమ్ మరీ రేమోన్. ఫ్రాన్సు దేశపు నైరృతిభాగమున 1755లో బుట్టి, 1775లో బుదుచ్చేరికి వచ్చి, మైసూరు హైదరాలీ పక్షమున బోరాడి, పిమ్మట నిజామలీఖాను కొలువున జేరెను. నిజాముకొఱకు పదునాలుగువేల కాల్బలమును ఐరోపా పద్ధతిని దీర్చెను. ఫిరంగులు పోతపోయు కర్మాగారమును నెలకొల్పెను. ఆ స్థలమును నేటికిని 'తోప్‌కాసాంచా' యందురు. ఆంగ్లమున గన్‌ఫౌండ్రీ యనుటయు దానినే. 1798 మార్చి 25న రేమోన్ మరణించెను. ఆఱునెలలు గడచి ఏడవనెల నిండకమునుపే, అక్టోబరు 22న, ఆంగ్లేయ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్కు పన్నుగడచే నాతని సేన యుద్ధము లేకయే యాయుధములను దించినది.

ఫ్రెంచివారు 'అయ్య' యనుటకు 'మొస్యూ' యందురు. ఆతని యింటిపేరును బలుకునపుడు కడపటి హల్లును మ్రింగి, నకారమును ముక్కుతో బలుకుదురు. 'మొస్యూ రేమొఁ' యను నీ ధ్వని హిందువుల చెవికి 'మూసారాము' గాను, ముసల్మానుల చెవికి 'మూసారహీము' గాను వినబడినది. ఒక్క ధ్వనిని రెండు మతములవారు రెండు దేవనామములుగా విని, యిరువురును దమవానిగా జేసికొనిరి. మన వ్యాకరణములలో దద్భవప్రకరణమున కుదాహరణములు వెదకు పండితులకు దీనికంటె మంచిది దొరకదు. ఆతని వర్ధంతినాడు ప్రజలు సమాధికడ దీపములు పెట్టి మ్రొక్కుచుండిరని యూరివారి వాడుక.

మిట్టమీద నల్లఱాతి స్తంభ మొకటి ఇరువదిమూడడుగుల యెత్తున నిలిచియున్నది. దానిపై నాతని పేరిలోని తొలియక్షరములు మాత్రము చెక్కియున్నవి. ప్రక్కనున్న గ్రీకురీతి మంటపము 2001లో గూలిపోగా మరల గట్టిరి. నేను బోయినపుడు నలుగురు బాలురు స్తంభమునే వికెట్టుగా నెంచి బంతియాట నాడుచుండిరి. ఇది యెవరి సమాధియని యడిగితిని. "మూసారాం సార్‌ది" యని యొకడు బదులు చెప్పెను. 'సార్' అను మర్యాదావాచకమును గలుపుటచే 'మొస్యూ' మరల వచ్చి చేరినట్లైనది! ఆ మిట్టలయందే ఆస్మాన్‌జా 1885 ప్రాంతమున గట్టించిన ఆస్మాన్‌గఢు మేడయు గలదు, నేడది పాఠశాల.

మిట్ట దిగి రాజమార్గమును బట్టినచో దలపై మెట్రోపట్టాలు, ఇరువైపుల బట్టలయంగళ్లు, నగలయంగళ్లు, నడుమ నాగని వాహనప్రవాహము. దిల్‌సుఖ్‌నగరు వచ్చినదని యెవరును జెప్పనక్కఱలేదు. భుజము భుజము రాచుకొనుటయే గుర్తు. ఈ పేరునకు 'హృదయమునకు సుఖమిచ్చునది' యని యర్థము చెప్పి తృప్తిపడువారు గలరు. ఇది పూర్వము ఈ ప్రాంతమున భూములుగల జాగీర్దారు దిల్‌సుఖ్‌రాం పర్షాదు పేర వెలసినదని వాడుక. 'దిల్' పారసీకము, 'సుఖ్' సంస్కృతభవము. ఈ రెండును గలిసిన పేరు హైదరాబాదునందు దప్ప మఱెక్కడ నింత సహజముగా నుండును? ప్రక్కనున్న సరూర్‌నగరున 'సురూరు' అను శబ్దమునకును 'ఆనందము' అనియే యర్థము. ఒకదానిప్రక్క నొకటి రెండు సంతోషపురములు! అయినను ఇచట నే మూలమీదను దిల్‌సుఖుడెవడో తెలుపు రేకు నాకు గనబడలేదు. బోర్డులున్నవి, వేలకొలది యున్నవి. అన్నియు బోటీపరీక్షల శిక్షణాలయములవి, కంప్యూటరు విద్యలవి, హాస్టళ్లవి.

ఈ హాస్టళ్లను గూర్చి చరిత్రకారుడు పట్టించుకొనడు. నేనచట నెక్కువసేపు నిలిచితిని. వెనుకవీథులలోని మూడు నాలుగంతస్తుల యిండ్లలో నొక్కొక్క గదియందు ముగ్గురు నలుగురు చొప్పున నల్లగొండనుండి, ఖమ్మమునుండి, పాలమూరునుండి, కృష్ణా గుంటూరు మండలములనుండి వచ్చిన యువతీయువకులు కాపురముందురు. గ్రామమున నెకరము తాకట్టుపెట్టి పంపిన తండ్రులు గలరు. వీరికి వేళకు వండిపెట్టు పూటకూళ్లవారును, నర్ధరాత్రమున టీ కాచిపోయువారును, బట్టలు ఇస్త్రీచేయువారును గలరు. టావెర్నియరు చూచిన గదుల వరుసకును, సాయంకాలపు రొట్టెకును, వీనికిని భేదము లేకపోలేదు: అది దానము, ఇది బాడుగ. కాని దూరమునుండి వచ్చినవానికి ఈ బాటమీద గది దొరకుట మాత్రము నాటినుండి నేటివఱకు మాఱలేదు.

2013 ఫిబ్రవరి 21న సంధ్యవేళ, బస్సులకై జనము నిలుచుచోట, నిమిషముల వ్యవధిలో రెండు బాంబులు పేలినవి. పదునెనమండుగురు మృతులైరి. వారిలో జదువునకై వచ్చినవారును గలరు. ఇది పేటకు జరిత్రము గాదా యని నాకు దోచినది. బాలురు గోలకొండను గూర్చి వ్రాసిరనగా, దమ యక్కలు నన్నలు నడచిన యీ కాలిబాటను గూర్చి వ్రాయవచ్చునని వారికెవ్వరును జెప్పలేదన్నమాట. నే నచట నిలిచియున్నంతసేపును అటుకులవాడు అటుకులమ్ముచునే యుండెను, బస్సులు వచ్చుచునే యుండెను.

కొత్తపేటకడ గడ్డిఅన్నారపు పండ్లబజారు దశాబ్దములపాటు వేసవిని మామిడివాసనతో నింపెడిది; నల్లగొండ బత్తాయి బండ్లు తెల్లవాఱకమునుపే వచ్చి నిలిచెడివి. 2022నాటికి దానిని బాటసింగారమునకు దరలించి, యా స్థలమును ఆసుపత్రికి గేటాయించిరి. బాటసింగారమును ఈ బాటవెంటనే, యింకను దూర్పున నున్నది. బజారు చోటు మార్చుకొన్నను బాటను విడువలేదు.

అటుపిమ్మట విక్టోరియా అనాథశరణాలయము. 1901లో మరణించిన యాంగ్లసామ్రాజ్ఞి స్మృత్యర్థము ఆఱవ నిజాము మహబూబలీఖాను కాలమున నిది నెలకొన్నది. తల్లిదండ్రులు లేని బాలబాలికలు నేటికిని ఇచట బెరుగుచు జదువుకొనుచున్నారు. మెట్రోవారు తమ మజిలీకి 'విక్టోరియా మెమోరియల్' అని పేరిడిరి. రైలెక్కువారిలో ఈ పేరు అనాథబాలుర యింటిదని యెఱుగనివారే యెక్కువ. పారిసులోనైనచో రేకుమీద నింకొకపంక్తి యుండెడిది.

చత్వరమనగా నేమో, చతుష్పథమనగా నేమో యిచట గొంచెము విచారింపవలెను. అమరుడు చత్వరశబ్దమును అంగణమునకు బర్యాయముగా జెప్పెను; చతుష్పథమును శృంగాటకముతో జేర్చెను. మొదటిది నలువైపుల మూసిన యావరణ, నిలుచుటకు. రెండవది నాలుగుత్రోవల కూడలి, దాటిపోవుటకు. ప్లాస్ దె వోజ్ చత్వరము: చుట్టును ఒకేతీరు మేడలు, క్రింద వంపుల నడవలు, నడుమ దోట. తెనారా యంగణమును చత్వరమే. కనుకనే టావెర్నియరునకు బోలిక కుదిరినది. మన నేటి తూర్పుపేటలలో నున్నవన్నియు జతుష్పథములు. 'చౌరస్తా' యను మాటయందే యది యున్నది. దిల్‌సుఖ్‌నగరునందు వేలమంది వేచియుందురుగాని కూర్చుండుటకు జోటు లేదు. నగరమునకు రాజచత్వరము లేకపోయినను గొఱతలేదు. బాటసారికి మూడడుగుల యరుగు లేకపోవుట కొఱతయే. ఈ విషయమున నేడు మనము 1652నాటికంటె వెనుకబడితిమని నా యభిప్రాయము. కాదనువారు వేసవి మధ్యాహ్నమున నచట నఱగంట నిలిచి వాదింతురుగాక.

ఎల్. బి. నగరు చతుష్పథములలో రాజువంటిది. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేర వెలసిన యీ పేట ప్రత్యేక పురపాలకసంఘముగా నుండి, 2007లో మహానగరపాలకసంస్థయందు గలిసినది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేటనుండి మెట్రో ఇచటికి వచ్చినది. ఇదియే యా రైలుమార్గమునకు దూర్పుకొన. ఇచట నాగార్జునసాగరపు త్రోవయు, వలయమార్గమును, విజయవాడ త్రోవయు గలియుచున్నవి. శాస్త్రిగారిని గూర్చి యెఱుగనివారు లేరుగాని, 'ఎల్. బి.' యన నేమని యడిగినచో దడబడువారు నాకు బలువురు తగిలిరి. పొడియక్షరములు పేరును దినివేయును. రేమోన్ స్తంభముమీద నిప్పటికే యది చూచితిని.

కాళ్లు నొచ్చినవి గనుక నచటినుండి హయాత్‌నగరునకు బస్సెక్కితిని. ఈ యూరు మహమ్మద్‌కులీ కుతుబుషా కుమార్తెయు, మహమ్మద్ కుతుబుషా భార్యయు, అబ్దుల్లా కుతుబుషాకు దల్లియునైన హయాత్‌బక్షీబేగముపేర వెలసినది. 1667లో మరణించిన యీ రాణినే 'మాసాహెబా' యనిరి. మాసాబ్‌టాంకు అను పేరిలోని మాసాబ్ ఈమెయే. ఇచటి మసీదు చుట్టును విశాలమైన యంగణము, ఆ యంగణమునకు నలువైపుల బాటసారుల గదుల వరుసలు, నూటికి మించి యున్నవి. చేరువనే 'హాథీబావి' యను పెద్దబావి. తెనారాయు నిదియు నొకటేయని నేను సాధింపబూనలేదు, పేర్లు పొసగవు. కాని రాణిగారి పేర నొక యంగణము, చుట్టును బరదేశులకు గదులు, చెంత నీరు – ఈ యేర్పాటు టావెర్నియరు వర్ణించిన జాతిదే. ఇది యిచట నుండుటచే గుతుబుషాహీలనాటి బందరుబాట యీ దిక్కుననే సాగెననుట నిస్సంశయము. నేటి తారుబాట యడుగడుగునకును దానిమీదనే పఱచియున్నదనుట సాహసము; దాని వారసురాలనుట సత్యము.

గదులలో గొన్నిటికి వంపులు చెదరినవి. ఒకగదిలో నొక ముసలియాయన కూర్చుండి చద్దిమూట విప్పుచుండెను. ఎచటినుండి వచ్చినారని యడుగగా, సూర్యాపేట వైపునుండి మనుమని హాస్టలులో విడువవచ్చితిననియు, దిరుగుబస్సునకు గొంత వేళయున్నదనియు జెప్పి, నాకును గొంత పెట్టబోయెను. నేను వలదంటిని గాని యాయన వినలేదు.

దీపములు పెట్టువేళకు ఎల్. బి. నగరునకు దిరిగి వచ్చితిని. మెట్రోస్తంభముల క్రింద సంచులమీదను, పెట్టెలమీదను గూర్చుండి జనము దూరపు బస్సులకై యెదురుచూచుచుండిరి. నేడు 65 సంఖ్యగల జాతీయరహదారి పూనాలో మొదలై హైదరాబాదుమీదుగా మచిలీపట్టణమున ముగియును; 2010కి ముందు హైదరాబాదునకు దూర్పున దీనికి 9 అను సంఖ్య యుండెడిది. వజ్రములును, కలంకారీ బట్టలును బోయిన రేవునకే నేటికిని దీని కొన. ఒక బస్సు వచ్చి నిలిచినది. తలుపుకడ నిలిచిన యువకుడు సూర్యాపేట, కోదాడ, విజయవాడ యని వరుసగా బిలిచి, చివర "బందర్, బందర్" అని కేకవేసెను. సంచులమీదివారిలో నలుగురు లేచిరి.